ముందు మీ ఇన్సూరెన్స్ కార్డు తీసి చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో కృత్రిమ కాళ్లకీ చేతులకీ ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలని చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయని మీ ఎన్నారై పేజీలో వేశారు, అది చదివి మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి మీ దగ్గర చట్టమే ఉందంట కదే మరి మీ తమ్ముడికి కాలెందుకివ్వలేదు అని నన్ను నిలదీసింది. మీరు రాసింది తప్పేం కాదండి, సగం రాశారు అంతే. మిగతా సగం తెలుసుకోడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

మా తమ్ముడూ నేనూ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. వాడు ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్. హైవే మీద యాక్సిడెంట్ అయ్యి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆపరేషన్‌కీ హాస్పిటల్‌కీ ఇన్సూరెన్స్ వాళ్లు మారు మాట్లాడకుండా కట్టారు, కాలు పెట్టించుకునే దగ్గరే మొదలైంది గొడవ. డాక్టరేమో మైక్రోప్రాసెసర్ మోకాలు రాశారు, అంటే లోపల సెన్సర్లుంటాయి, కాలు తడబడితే అదే బిగుసుకుని మనిషిని పడనివ్వకుండా చూస్తుంది. వీళ్లేమో మెడికల్‌గా అవసరం లేదు మామూలు మెకానికల్ మోకాలు చాలు అని రెండు పేజీల లెటర్ పంపారు. సరే అని అదే పెట్టించాం. వాడి ఇంటి ముందు డ్రైవ్‌వే కొంచెం వాలుగా ఉంటుంది, ఓ రోజు చెత్త డబ్బా రోడ్డు మీదకి లాక్కెళ్తుంటే మోకాలు చటుక్కున మడిచేసుకుంది, వెళ్లి ఆ డబ్బా మీదే పడ్డాడు. మా మరదలు కిటికీలోంచి చూసి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

గుడికెళ్తే ఇంకో తంటా. కృత్రిమ పాదాన్ని బూటు మడమ ఎత్తుని బట్టి సెట్ చేస్తారంట, బూటు విప్పితే ఆ లెక్క తప్పి మనిషి వెనక్కి వాలిపోతాడు. ధ్వజస్తంభం దగ్గర మా వాడు గోడ పట్టుకుని నిలబడ్డం చూశాక అమ్మ జైపూర్ ఫుట్ పెట్టిస్తానంది. నిజమే, 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ సేథీ కలిసి చేసిన ఆ పాదం చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకి, గొంతుక్కూర్చునేవాళ్లకి, బాసింపట్టు వేసుకునేవాళ్లకి అని ఆలోచించి చేసిందే, జైపూర్‌లో 1975 నుంచి ఒక సంస్థ ఉచితంగా పెడుతోంది కూడా. కానీ వాడి బాధ పాదంతో కాదు, మోకాలితో.

అప్పుడు నేను చట్టాలు వెతకడం మొదలెట్టా. అందరికంటే ముందు కొలరాడో చేసింది. అంతకుముందు పాలసీల్లో ఏడాదికి ఇన్ని వేల డాలర్లే అనో, జీవితం మొత్తానికి ఒక్క కాలే అనో రాసుకునేవాళ్లు (పిల్లాడు ఎదగడా ఏంటి?). మా టెక్సాస్‌లో 2009లో వచ్చింది, ముసలివాళ్లకిచ్చే మెడికేర్‌లో ఎంత కవరేజ్ ఉందో ప్రైవేట్ ప్లాన్లలోనూ అంతే ఉండాలి అని, కాళ్లూ చేతులే కాదు ఆర్థోటిక్స్ అంటే బ్రేసులు కూడా. ఇండియాలో పాలసీల్లో అయితే బెల్టులు, బ్రేసులు కవర్ కాని వస్తువుల లిస్టులోనే ఉంటాయి, నాన్న మోకాలి బ్రేస్ బిల్లుతో అది ముందే తెలిసింది. ఇంకా 2022లో మెయిన్ రాష్ట్రం పిల్లలకి ఆటలాడుకోడానికి వేరే కాలు కూడా ఇవ్వాలంది, 2023లో ఆర్కన్సా, కొలరాడో, ఇల్లినాయ్, న్యూ మెక్సికో అదే దారి పట్టాయి, 2028 లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్ నాటికి 28 రాష్ట్రాల్లో తేవాలని ఉద్యమమే నడుస్తోంది. ఇవన్నీ చదివి మనం గెలిచేసినట్టే అనుకున్నా.

టెక్సాస్ చట్టం ప్రింట్ తీసుకుని ఫోన్ చేస్తే అటు అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, మీది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అండీ, ఆ చట్టం మీకు వర్తించదు అని. అసలు కథ ఇదండి. కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది గానీ వాళ్లు బిల్లులు చూసిపెడతారంతే, డబ్బులు పెట్టేది మనం పనిచేసే కంపెనీ. అలాంటి ప్లాన్లని 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం రాష్ట్రాల చేతికి అందకుండా పెట్టింది. ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లలో 60 శాతం పైనే ఇలాంటి ప్లాన్లలో ఉన్నారు, పెద్ద కంపెనీలైతే దాదాపు అన్నీ ఇవే, మనవాళ్లు ఎక్కువమంది ఎక్కడున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

టెక్సాస్‌లో తెలుసుకోడం తేలిక. రాష్ట్రం కిందకొచ్చే ప్లాన్ అయితే కార్డు మీద టీడీఐ అనో డీఓఐ అనో (రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ అని దానర్థం) చిన్న అక్షరాలుంటాయి. మా తమ్ముడు పర్సులోంచి కార్డు తీసి ముందూ వెనకా మూడుసార్లు తిప్పాడు, లేవు. నా కార్డు మీద ఉన్నాయి, నేను పనిచేసేది చిన్న డెంటల్ ఆఫీసులో. వాడి జీతంలో నాది మూడో వంతు, చట్టం మాత్రం నాకుంది!

అయినా దారి మూసుకుపోలేదు. సెల్ఫ్ ఫండెడ్ అయినా కాదన్న లెటర్ వచ్చాక 180 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు, అదీ పోతే నాలుగు నెలల్లోపు బయటి డాక్టర్లతో ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు. మా అప్పీల్ పోయింది. రివ్యూకి వెళ్లేటప్పుడు ఫిజికల్ థెరపిస్ట్ చేత వాడు కే3 అని రాయించాం, మెడికేర్ లెక్కలో కే0 నుంచి కే4 దాకా ఉంటాయి, కే3 అంటే వేగం మార్చుకుంటూ మెట్లూ మిట్టపల్లాలూ దాటుకుంటూ నడిచే మనిషి. డబ్బా మీద పడ్డ రోజు తేదీతో సహా పెట్టాం. దాని మీదే ఒప్పుకున్నారు. పోయిన నెల కొత్త మోకాలు బిగించారు, రాత్రిపూట ఫోన్‌తో పాటు దాన్నీ చార్జింగ్ పెడుతున్నాడు.

డబ్బులు కంపెనీవే కాబట్టి ప్లాన్‌లో మార్చాలంటే వాళ్లే మార్చగలరు, హెచ్‌ఆర్‌కి రాశాడు, చూస్తామన్నారు. ఈసారి ఆ పేజీలో రాసేటప్పుడు ఈ కార్డు సంగతి, 180 రోజుల సంగతి రెండు లైన్లయినా వేయండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్