విషయం: నా పాత పడవ గ్యాలీ (పడవలోని వంటగది) స్టవ్ గురించి, మీరు మూసేసిన ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దలకు,

నమస్కారం. పేరు రాద్దామంటే మీ కంపెనీలో ఎవరూ పేరు చెప్పరు. అందుకే పెద్దలకు అని రాశాను. పెద్దలంటూ ఎవరైనా ఉంటే చదవండి.

స్టవ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అది గింబల్ స్టవ్, అంటే రెండు పక్కలా బ్రాకెట్లలో పిన్నుల మీద ఊగేది. ఎడమ పక్క బ్రాకెట్‌లో పిన్ను కూర్చునే గాడి అరిగి వెడల్పయింది. పడవ ఒరిగినప్పుడు స్టవ్ ఒద్దికగా ఊగాల్సింది పోయి, పిన్ను గాడిలోంచి పైకి లేస్తోంది. అంతే. ఇనుప ముక్క అన్నాక అరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. ఆ ఒక్క ముక్క గురించి మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడుకే ఈ ఉత్తరం.

మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "సార్, మీ కిచెన్ ఏ ఫ్లోర్‌లో ఉంది?" అని అడిగింది. కిచెన్ కాదమ్మా, గ్యాలీ, తెరచాప పడవలో ఉంటుంది అన్నాను. "ఓకే సార్, డోర్ నంబర్ చెప్పండి" అంది. పడవకి డోర్ నంబర్ ఉండదంటే, అది లేకుండా కంప్లయింట్ నమోదు కాదట. ఆఖరికి పడవ పేరే డోర్ నంబర్ గడిలో రాయించాను.

తర్వాత లైనులోకి వచ్చిన టెక్నికల్ మహానుభావుడు ఇంకో మెట్టు పైన ఉన్నాడు. "స్టవ్‌ని కదలని, చదునైన చోట పెట్టి వెలిగించి చూశారా?" అని అడిగాడు. అయ్యా, కదలని, చదునైన చోటు ఉంటే గింబల్ స్టవ్ కొనేవాడినా? గాలికి పడవ ఒరిగినప్పుడు గిన్నె నిటారుగా ఉండాలనే కదా ఆ పిన్నులు, ఆ బ్రాకెట్లు! గ్యాలీలో వంట చేసేవాళ్లం నడుముకి బెల్టు కట్టుకుని నిలబడతామని చెప్తే ఆయన నవ్వాడు. నవ్వి, లైను వేరే విభాగానికి మార్చాడు. ఆ విభాగంలో సంగీతం తప్ప మనుషులెవరూ లేరు.

గ్యాస్ మాట కూడా వినండి. స్టవ్ లేచి పడుతుంటే వెనక గొట్టం లాగినట్టవుతోంది, లీకైతే ప్రమాదం అన్నాను. "కిటికీలు తెరిచి ఉంచండి సార్" అని సలహా వచ్చింది. ప్రొపేన్ గాలి కంటే బరువు. పడవలో లీకైతే కిటికీలోంచి పోదు, నేరుగా కిందికి దిగి బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగు గుంటలో చేరుతుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. పడవల్లో గ్యాస్ సిలిండర్‌కి విడిగా అర కట్టి, దాని అడుగు నుంచి బయటికి దారి పెట్టేది అందుకే. ఇది మీరు అమ్మే సరుకు మాన్యువల్లోనే ఉంది. మీవాళ్లు దాన్ని చదవలేదంటే నాకు భయంగా ఉంది, కోపం తర్వాత.

సీరియల్ నంబర్ ఫొటో పంపమన్నారు. ఆ రేకు స్టవ్ వీపున ఉంది. వీపుకీ పడవ గోడకీ మధ్య చెయ్యి దూరదు. 1959లో న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ ట్రైటన్ అనే తెరచాప పడవ జనం ముందుకొచ్చిందే, ఆ తరం పడవ నాది. 28 అడుగుల పొడవుంటే ఎనిమిది అడుగుల పైచిలుకు వెడల్పు ఉండే రోజులవి. ఆ వెడల్పులోనే పడుకునే బెర్తులు, సింకు, ఐస్ పెట్టె, స్టవ్ అన్నీ సర్దారు. అంగుళం వృథా చేయలేదు మహానుభావులు. నేను సింకులో మోకాలు ఆనించి, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చిన్న అద్దం పట్టుకుని, అద్దంలో కనిపించిన నంబర్‌ని ఇంకొకరి చేత ఫొటో తీయించి పంపాను. "ఫొటోలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి, మళ్లీ పంపండి" అని జవాబు!

మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెడదామంటే ఫారంలో పడవ తయారైన సంవత్సరం 1990 దాటి వెనక్కి పోదు. పైనేమో పెద్దక్షరాల్లో "పాత పడవల గ్యాలీలకు మేమే దిక్కు" అని ప్రకటన. మీ లెక్కలో పాత అంటే ఎంత పాత?

సేల్స్ ఆయన ఒక్కడే నాకు తిరిగి ఫోన్ చేశాడు. సంతోషించాను. బ్రాకెట్ దొరకదు, కొత్త మోడల్ తీసుకోండి అన్నాడు. కొత్త మోడల్ ఆ సందులో పట్టదు, పట్టినా ఊగినప్పుడు పడవ గోడకి కొట్టుకుంటుంది. దానికి చోటు చేయాలంటే పక్కన ఐస్ పెట్టె పగలగొట్టాలి. "పగలగొట్టించుకోండి సార్, ఈ రోజుల్లో అందరూ ఫ్రిజ్ పెట్టుకుంటున్నారు" అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో! ఒక్క బ్రాకెట్ ఇవ్వలేక నా పడవ కోయమంటున్నారు.

చివరికి "మీ నుంచి స్పందన లేనందున ఫిర్యాదు ముగించాం" అని మెసేజ్. స్పందన లేనిది నా నుంచా? దాని కిందే, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ప్రశ్న.

కాలితో తొక్కే నీళ్ల పంపు మీదే. లోతు సింకు మీదే. గిన్నెలు జారకుండా కౌంటర్ అంచున వేసిన చెక్క పట్టీలూ మీవే. రేవులో ఎవరు పాత పడవ బాగుచేయించుకుంటున్నా మీ పేరే చెప్పాను. నా మాట విని మీ దగ్గర కొన్నవాళ్లు ఇప్పుడు "ఏమైంది, బ్రాకెట్ వచ్చిందా?" అని అడుగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

బ్రాకెట్ పంపుతారో, స్టవ్ మారుస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీరే తేల్చుకోండి. ముందు మాత్రం పడవలో ఒక్కసారైనా అడుగుపెట్టిన మనిషి చేత నాకు ఫోన్ చేయించండి. లేదంటే వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. మీ మెసేజ్‌లన్నీ, అద్దంలో తీసిన ఆ ఫొటోతో సహా, దాచిపెట్టాను. రేవు నోటీసు బోర్డు మీద కూడా అతికిస్తాను, అడ్డం చెప్పేవాళ్లు లేరు.

ఈ ఉత్తరం నకలు మీ సేల్స్ విభాగానికీ పంపుతున్నాను. కొత్త స్టవ్ కొంటానేమోనన్న ఆశతోనైనా వాళ్లు విప్పి చదువుతారు.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ కస్టమర్