పాత కారు వారంటీ కాగితం తెలుగులో ఎందుకు ఉండకూడదు?

సంపాదక మహాశయులకు నమస్కారం.

పాత కారు కొనేవారి కోసం మీ పత్రికలో అప్పుడప్పుడు వచ్చే సూచనలను శ్రద్ధగా చదువుతుంటాను. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ బాకీ తీరిందా, చలాన్లు మిగిలాయా, మీటరు వెనక్కి తిప్పారా అన్న విషయాలన్నీ వాటిలో ఉంటాయి గానీ, కారుతోపాటు విడిగా డబ్బు తీసుకుని అమ్మే వారంటీ గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు. ఈ సంవత్సరం నాకు దాదాపు ఐదు లక్షల రూపాయలు మిగిల్చింది ఆ వారంటీయే. అందులో రాసిన ఒక్క మాట అర్థం విషయంలో 41 రోజులు నేను పోరాడవలసి వచ్చింది కూడా. ఆ అనుభవాన్ని ఇతర పాఠకులకు చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

మాది గుంటూరు. ఒక ఇంజనీరింగు కళాశాలలో 25 ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పాను. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు నడపాలన్న కోరిక చదువుకునే రోజుల నుంచీ ఉన్నా కొత్తది కొనే స్తోమత ఎన్నడూ లేదు. పిల్లల చదువులు పూర్తయ్యాక, హైదరాబాదులో ఖరీదైన పాత కార్లు అమ్మే ఒక డీలరు దగ్గర, తొమ్మిదేళ్ల కిందట తయారై 46,000 కిలోమీటర్లు తిరిగిన ఒక జర్మనీ కారును 27 లక్షల రూపాయలకు తీసుకున్నాను. దానిమీద ఏడాది లేదా 15,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు వర్తించే వారంటీకి మరో 62,000 రూపాయలు కట్టాను. బేరమంతా తెలుగులోనే జరిగింది. ఇంజను, గేర్‌బాక్సు అన్నీ కవరవుతాయనీ, ఏడాదిపాటు రూపాయి పెట్టనవసరం లేదనీ అమ్మకం చూసే యువకుడు ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మాటలకు ఆధారమైన కాగితం మాత్రం డబ్బు కట్టిన ఆరో రోజున ఈమెయిల్‌లో వచ్చింది. పద్నాలుగు పేజీలు, చిన్న అక్షరాలు, మొత్తం ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు వచ్చు, యంత్రాల గురించీ తెలుసు. అయినా ఆ పద్నాలుగు పేజీలను నేను కారు చెడిపోయాకే పూర్తిగా చదివానని ఒప్పుకోవాలి.

మొదటి ఇబ్బంది ఐదో నెలలో వచ్చింది. హైదరాబాదు నుంచి తిరిగి వస్తుండగా కోదాడ దాటాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి ఎగబాకింది. వెంటనే పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, రికవరీ వాహనం మీద కారును వర్క్‌షాపుకు చేర్పించాను. వాటర్ పంపు, దానికి ఆనుకుని ఉన్న థర్మోస్టాట్ ప్లాస్టిక్ గూడు పగిలి, ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్, కారిపోయిందని తేలింది. 1,14,000 రూపాయల బిల్లులో కూలంట్, గొట్టాల క్లిప్పుల వంటి వాటికి నేను 9,000 చెల్లించాను, మిగతాది వారంటీ సంస్థ నాలుగు రోజుల్లో ఆమోదించింది. ముల్లు పైకి లేచాక కూడా నడిపి ఉంటే ఇంజను పట్టేసేది, అప్పుడు నిర్లక్ష్యం అన్న కారణంతో క్లెయిము మొత్తం పోయేది.

రెండో ఇబ్బంది ఇంతకంటే పెద్దది. ఎనిమిదో నెలలో ఒక ఉదయం కారు ఒకటి, మూడు, ఐదు గేర్లలో మాత్రమే కదిలింది, రెండు, నాలుగు, ఆరు పడలేదు. ఇలాంటి కార్లలో రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు ఉంటుంది. ఒక క్లచ్ బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది. ఒక గేరులో వెళుతుండగానే తరువాతి గేరు సిద్ధమై ఉంటుంది కనుక మార్పు రెప్పపాటులో జరిగిపోతుంది. ఏ క్లచ్‌ను ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో నిర్ణయించేది గేర్‌బాక్సుకు అమర్చిన ఒక నియంత్రణ యూనిట్. ఆయిల్ ఒత్తిడిని నడిపే వాల్వులు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ బోర్డు అందులో కలిసి ఉంటాయి, దాన్ని మెకట్రానిక్ యూనిట్ అంటారు. క్లచ్ పళ్లేలు అరిగినా, ఈ యూనిట్ చెడినా డ్రైవరుకు కనిపించే లక్షణం ఒకటే, గేరు పడదు. వారంటీ దృష్టిలో మాత్రం ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది అరుగుదల కనుక కవరు కాదు, రెండోది యంత్రలోపం కనుక కవరవుతుంది.

ఎస్టిమేట్ 4,36,000 రూపాయలు వచ్చింది. వారంటీ సంస్థ తరఫున వచ్చిన పరిశీలకుడు కారు వయసు, లక్షణాలు చూసి క్లచ్ అరుగుదల అని రాసి వెళ్లారు, క్లెయిము తిరస్కరించారు. గేర్‌బాక్సు దించి విప్పితేగాని నిజం తెలియదని వర్క్‌షాపు వారు అన్నారు. విప్పడానికి 35,000 అవుతుందనీ, క్లెయిము ఆమోదం పొందకపోతే ఆ ఖర్చు యజమానే భరించాలనీ తొమ్మిదో పేజీలో ఉంది. అంటే సొంత డబ్బు పణంగా పెట్టి నా వాదన నేనే నిరూపించుకోవాలి. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారని నాకనిపిస్తుంది, వారిని తప్పుపట్టలేను.

విప్పించే ముందు, ఆ డీలరుతో సంబంధం లేని మరో వర్క్‌షాపులో కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివే స్కానర్ పెట్టించాను. గేర్‌బాక్సు కంప్యూటర్ రెండు క్లచ్‌ల అరుగుదలను ఎప్పటికప్పుడు కొలిచి అంకెల రూపంలో దాచుకుంటుంది. ఆ అంకెలు రెండు క్లచ్‌లకూ కంపెనీ పెట్టిన హద్దుల లోపలే ఉన్నాయి, లోపం సంకేతాలు మాత్రం సరి గేర్ల వైపు ఆయిల్ ఒత్తిడి సెన్సరునూ వాల్వునూ చూపించాయి. ఆ నివేదిక ముద్రించి, సంతకం, తేదీ వేయించి, ఒప్పందంలో కవరయ్యే భాగాల పట్టికలో హైడ్రాలిక్ నియంత్రణ యూనిట్ అని ఉన్న పంక్తి కింద గీత గీసి పంపాను. రెండు ఉత్తరాలు, లెక్కలేనన్ని ఫోన్లు అయ్యాక 41వ రోజున సంస్థ తన నిర్ణయం మార్చుకుంది. ఆయిల్, ఫిల్టరు, గ్యాస్కెట్ల ఖర్చు 38,000 నాది, మిగతా 3,98,000 వారిది, విప్పిన కూలీ కూడా వారే భరించారు. మొదట కాదన్న పరిశీలకుడే రెండోసారి వచ్చి అంకెలు చూసి, తన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా సవరించారు. ఆయన నిజాయితీని ఇక్కడ తప్పక చెప్పాలి.

కాబట్టి వారంటీలన్నీ మోసమని నేను అనడం లేదు. నా 62,000 రూపాయలకు సుమారు ఐదు లక్షల మరమ్మతు జరిగింది. నా బాధ వేరు. యంత్రశాస్త్రం చెప్పుకుని బతికినవాడికే ఇంత సమయం పడితే, అదే కౌంటరు దగ్గర అదే సంతకం పెట్టిన వ్యాపారికో, రైతుబిడ్డకో, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడికో ఏ దారి ఉంది? అరుగుదల అంటే ఏమిటి, దాన్ని ఎవరు, ఏ కొలతతో తేలుస్తారు, కవరయ్యే భాగం చెడి కవరు కాని భాగాన్ని పాడుచేస్తే ఎవరు భరిస్తారు అన్న మూడు ప్రశ్నల మీదే క్లెయిములు నిలబడతాయి, పడిపోతాయి. స్పోర్ట్స్ కారుకు మన రోడ్లమీద మరో చిక్కు కూడా కలుస్తుంది. నేలకు తక్కువ ఎత్తులో ఉండే కారు, లెక్కా కొలతా లేకుండా వేసిన స్పీడ్‌బ్రేకర్ మీద అడుగు రాసుకుని ఆయిల్ చాంబర్‌కు చీలిక వస్తే, అది బయటి దెబ్బ అని మినహాయింపుల్లో ఉంటుంది. ఆ చీలిక వల్ల ఆయిల్ పోయి ఇంజను దెబ్బతింటే అదీ అంతే. ఇలాంటి కారు కొనేవాడికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇదే, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ కార్లలో కొనేవాడికి అనుకోకుండా వచ్చే మరమ్మతు, ఆ వృత్తిలో ఉన్నవారికి చాలాసార్లు ముందే తెలిసినది అయి ఉంటుంది. నా కారు ఆ కంపెనీది కాదు గానీ, అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2001 నుంచి 2005 మధ్య వచ్చిన కొన్ని పోర్షె బాక్స్‌టర్, 911 కార్లలో ఇంజను లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు బేరింగు విఫలమై ఇంజనే పాడైపోతున్నదన్న ఫిర్యాదులు అమెరికాలో కోర్టుకు చేరాయి. 2013లో అక్కడ సామూహిక వ్యాజ్యం రాజీతో ముగిసి, అర్హులైన యజమానులకు మరమ్మతు ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఒక చిన్న బేరింగు గురించి మెకానిక్‌లకు తెలిసి, కొనేవాడికి తెలియకపోతే, వారంటీ కాగితంలో ఆ భాగం ఏ పట్టికలో ఉందన్నదే ఆ కొనుగోలు మొత్తానికి కీలకం అవుతుంది.

అదే అమెరికాలో పాత కార్ల అమ్మకానికి 1985 నుంచి ఒక కేంద్ర నిబంధన అమలులో ఉంది. ఏడాదిలో ఐదుకు మించి పాత వాహనాలు అమ్మే డీలరు ప్రతి కారుమీదా బయ్యర్స్ గైడ్ అనే కాగితం ప్రదర్శించాలి. వారంటీ ఉందా లేదా, ఉంటే ఏ వ్యవస్థలకు, ఎంతకాలం, మరమ్మతులో డీలరు భరించేది ఎంత శాతం అన్నవి అందులో నింపి ఉండాలి. నోటిమాటల హామీలను అమలు చేయించుకోవడం కష్టం కనుక రాతపూర్వకంగా తీసుకోండని కూడా అందులోనే ముద్రించి ఉంటుంది. ఆ కాగితం అమ్మకపు ఒప్పందంలో భాగమవుతుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం మరొకటి ఉంది. బేరం స్పానిష్ భాషలో జరిగితే ఆ కాగితాన్ని స్పానిష్‌లోనే ఇవ్వాలని నిబంధన చెబుతోంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో పాత కారు కొన్న మన తెలుగువారిని అడిగితే కిటికీకి అంటించిన ఆ కాగితం గురించి చెబుతారు. ఇక నా కారు పుట్టిన జర్మనీలో, డీలరు దగ్గర పాత కారు కొన్న వినియోగదారుడికి మొదటి ఏడాదిలో లోపం బయటపడితే, అది అమ్మేనాటికి లేదని నిరూపించవలసిన భారం సాధారణంగా డీలరుదే. ఆ గడువు ఆరు నెలలుగా ఉండేది, 2022 జనవరి 1 నుంచి అమ్మిన వస్తువులకు ఏడాదికి పెంచారు.

మన దగ్గర చట్టం లేదని కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే వారంటీనీ, సరైన పరీక్ష జరపకుండా వస్తువు పనితీరు గురించి ఇచ్చే హామీనీ అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొంది. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కానీ ఇవన్నీ నష్టం జరిగాక తలుపు తట్టే చోట్లు. అమ్మకానికి ముందు చూస్తే, 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి పాత వాహనాల డీలర్లకు గుర్తింపు పత్రం తప్పనిసరి చేసింది. ఆ సవరణల దృష్టి ప్రధానంగా యాజమాన్యం, బదిలీ, డీలరు దగ్గర ఉన్నప్పుడు వాహనం తిరిగిన లెక్క వంటి వాటిమీద ఉంది. డీలరు లాభంపై 18 శాతం జీఎస్టీ కూడా వసూలవుతోంది. గుర్తింపు ఇచ్చి పన్ను తీసుకునే ప్రభుత్వం, కొనేవాడి చేతిలో అర్థమయ్యే ఒక్క కాగితం పెట్టించడం అసాధ్యం కాదు.

ఎందుకంటే వేరే రంగాల్లో అది ఇప్పటికే చేశారు. ఆరోగ్య బీమా పాలసీతోపాటు ముఖ్యాంశాలను, మినహాయింపులను తేలిక మాటల్లో చెప్పే సమాచార పత్రాన్ని ఇవ్వాలనీ, పాలసీదారు కోరితే స్థానిక భాషలో అందించాలనీ బీమా నియంత్రణ సంస్థ చెప్పింది. కొత్త నమూనా 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. రుణాల విషయంలో రిజర్వు బ్యాంకు, అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని ఆదేశించింది. కారు కోసం తీసుకున్న అప్పు పత్రం నాకు అర్థమయ్యే భాషలో ఉండాలి గానీ, అదే కారు వారంటీ పత్రానికి ఆ నియమం లేదు. నా కాగితం మీద ఇది బీమా కాదు, సేవా ఒప్పందం మాత్రమే అని స్పష్టంగా రాసి ఉంది కనుక బీమా ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లే దారి కూడా నాకు లేకపోయింది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేయగలదు. అది పూర్తయ్యేలోగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల వినియోగదారుల వ్యవహారాల శాఖలు డీలర్లను పిలిచి ఒక నమూనా పత్రం తయారు చేయించవచ్చు. ఒక్క పేజీ చాలు. డబ్బు తీసుకోవడానికి ముందే తెలుగులో చేతికివ్వాలి. కవరు కాని భాగాలు పెద్ద అక్షరాల్లో మొదట రావాలి, ఒక్కో క్లెయిముకు గరిష్ఠ పరిమితి, విప్పే ఖర్చు ఎవరిదన్నది, అరుగుదలను ఏ కొలతతో తేలుస్తారన్నది, విభేదం వస్తే ఇద్దరికీ సంబంధం లేని మూడో వర్క్‌షాపు నివేదికను ఎన్ని రోజుల్లో పరిగణిస్తారన్నది అందులో ఉండాలి. అమ్మేనాడు తీసిన స్కానర్ నివేదికను దానికి జతచేస్తే, లోపం ముందే ఉందా తరువాత వచ్చిందా అన్న తగవు చాలావరకు తీరుతుంది, అది డీలరుకూ రక్షణే. ఇలా చేస్తే వారంటీల ధర పెరుగుతుందని ఒక డీలరు నాతో అన్నారు. పెరిగితే పెరగనివ్వండి. దేనికి డబ్బు కడుతున్నానో తెలిసి 70,000 ఇవ్వడం, తెలియక 62,000 ఇవ్వడం కంటే నాకు మేలు.

నా వారంటీ గడువు వచ్చే నెలతో ముగుస్తోంది. మరో ఏడాదికి పొడిగించుకోమని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది. పైన రాసిన ప్రశ్నలనే తెలుగులో రాసి వారికి పంపాను, జవాబు కూడా తెలుగులో, సంస్థ ముద్రతో ఇవ్వమని కోరాను. అది చేతికి వచ్చాకే డబ్బు కడతాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
గుంటూరు.