కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: అడగడం తెలిసిన మనిషి కావాలి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మూడేళ్ల క్రితం మా తమ్ముడు బైకు మీద నుంచి పడ్డాడు. మూడో రోజు జీవన్మృతి (బ్రెయిన్ డెత్), అంటే మెదడు ఇక తిరిగి పనిచేయదు అని డాక్టర్లు తేల్చారు. వెంటిలేటరుతో ఛాతీ లేచి పడుతూనే ఉంది. "చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది కదరా" అంటూ అమ్మ వాడి వేళ్లు వదల్లేదు. అవయవదానం మాట ఎత్తింది ఒక కుర్ర ఉద్యోగి, బిల్లులు కట్టే కౌంటరు దగ్గర, చేతిలో కాగితంతో. నాన్న వద్దన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. గుండె ఎందుకు ఇంకా కొట్టుకుంటోందో పక్కన కూర్చుని చెప్పేవారుంటే ఒప్పుకునేవారని నా నమ్మకం.

స్పెయిన్ సరిగ్గా ఇక్కడే శ్రద్ధ పెట్టింది. 1989లో జాతీయ అవయవ మార్పిడి సంస్థను స్థాపించి, కుటుంబాలతో మాట్లాడే సమన్వయకర్తలను ఆసుపత్రుల్లోనే నియమించింది. వారిలో ఎక్కువ మంది ఐసీయూ డాక్టర్లే. చట్టం ప్రకారం బతికుండగా వద్దననివారంతా అక్కడ దాతలే; అయినా కుటుంబాన్ని అడగకుండా ముందుకు వెళ్లరు. పది లక్షల జనాభాకు ఏటా సుమారు 50 మంది మరణానంతర దాతలు అక్కడ. మన దేశంలో పది లక్షలకు ఒక్కరు కూడా లేరు. 1994 నుంచి అవయవ మార్పిడి చట్టం ఉంది, తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ఉంది, మంచి సర్జన్లూ ఉన్నారు. కొరవడింది అడగడం తెలిసిన మనిషే.

స్పెయిన్‌తో శిక్షణ ఒప్పందం చేసుకోండి. కార్పొరేట్ ఆసుపత్రుల వారినే కాదు, గుంటూరు, వరంగల్ లాంటి చోట్ల ప్రభుత్వ ఐసీయూల్లో పనిచేసే డాక్టర్లను, నర్సులను పంపండి. తిరిగి వచ్చాక వారికి వేరే పని అప్పగించకండి.

ఇట్లు,
ఒక అన్న