నీ జీతంలో ఆ 135 రూపాయలు

చి. పాపకు,

ఆశీస్సులు. నాన్న సంగతి ఫోనులో సగమే చెప్పాను. ఆయన పక్కనే కూర్చుని వింటుంటే మిగతా సగం ఎలా చెప్పను? అందుకే ఈ ఉత్తరం.

ఆయన జబ్బును మొదట పట్టుకున్నది బియ్యం కొట్టు యజమాని. ముప్పై ఏళ్ళు ముత్యాల్లాంటి అక్షరాలతో చిట్టా రాసిన మనిషి, వరుస మొదట్లో కందిగింజంత రాసి చివరికి వచ్చేసరికి గసగసాలంత చేస్తున్నారట. "కాగితం పొదుపు చేస్తున్నారా గుమాస్తాగారూ?" అని యజమాని నవ్వులాటకు అడిగారు. తరువాత కుడి చేతికి వణుకు వచ్చింది. చేయి ఊరికే ఒళ్ళో ఉంటే వణుకుతుంది, గ్లాసు పట్టుకుంటే ఆగుతుంది. నేను నీరసం అనుకుని రెండు నెలలు రాగి జావ పోశాను. నా తెలివి అంత.

మన రేషన్ కార్డు మీద ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక వైద్య పథకం ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఇంకేం భయం అనుకుని మూడు చోట్లకు తిరిగాను. మొదటి చోట గుమ్మం మీదే ఆ పథకం బోర్డు. తీరా లోపలికి వెళితే వాళ్ళకు అనుమతి ఉన్నది ఎముకలకూ కిడ్నీలకూ, నరాల విభాగానికి లేదు. రెండో చోట, ముందు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ తెమ్మన్నారు. మూడో చోట కౌంటరులో కూర్చున్నది హిందూపురం అమ్మాయి. "ఆసుపత్రిలో చేరినవాళ్ళకే ఈ కార్డమ్మా. చూపించుకుని మందులు రాయించుకోవడానికి పనికిరాదు" అని తెలుగులో విడమరిచి చెప్పింది. "ఈ కార్డు తీసుకుంటారా?" అని అడుగుతూ నేను అన్ని మెట్లూ ఎక్కాను. ఏ విభాగానికి, చేరితేనా, చేరకపోయినానా అని అడగాలని అప్పటిదాకా తోచలేదు. నాన్నది ఆసుపత్రిలో చేరే జబ్బు కాదు, రోజూ మాత్రలు మింగే జబ్బు.

చివరికి ఇక్కడే బెంగళూరులో, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌ ఆసుపత్రికి వెళ్ళాం. పేరు వినగానే కంగారుపడకు. మన వీధిలో ఇంకా పిచ్చాసుపత్రి అనే అంటారు గానీ, అక్కడ నరాల వైద్యం కూడా ఉంది. పొద్దున్నే వెళితే మాకన్నా ముందే కదిరి, మదనపల్లె నుంచి రాత్రి బస్సుల్లో వచ్చినవాళ్ళు వరుసలో ఉన్నారు. డాక్టరమ్మ ఏ యంత్రమూ పెట్టలేదు. నడిపించారు, వేళ్ళు తట్టించారు, కాగితం మీద జంతికలా చుట్లు గీయించారు, ఒక వాక్యం రాయించారు. ఆ వాక్యం చూసి నెమ్మదిగా తల ఊపారు. పార్కిన్సన్ అనే నరాల జబ్బు అట. లీవోడోపా మాత్రలు రాశారు. భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, పప్పూ పెరుగూ వెంటనే పడితే మందు సరిగా ఒంటికి పట్టదట. పప్పు లేనిదే ముద్ద దిగని మనిషికి ఇప్పుడు గడియారం చూసి వడ్డిస్తున్నాను.

అక్కడ చీటీ ఖర్చు మన ఆటో ఖర్చు కన్నా తక్కువే. మాత్రలు మాత్రం కొంటున్నాం, అవి జీవితాంతం వాడాలి. నీతో పని అక్కడే పడింది.

ఇఎస్ఐ అనే ఉద్యోగుల బీమా కింద 135 రూపాయలు కోస్తున్నారని ప్రతి నెలా సణుగుతావు కదా. నీ 18,000కు ముప్పావు శాతం అది. దాని మీద మీ కంపెనీ 585 కడుతుంది. 21,000 లోపు జీతగాళ్ళకున్న ఆ బీమా ఆసుపత్రిలో చేరాలని పట్టుబట్టదు. డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, మందులు ఇస్తారు, అవసరమైతే రాజాజీనగర్ ఇఎస్ఐ ఆసుపత్రికి రాస్తారు, అక్కడ కుదరనిదానికి ఒప్పందం ఉన్న మరో ఆసుపత్రికి. నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. ఆదాయానికి హద్దు ఉంది గానీ, నాన్న కొట్టు మానేశాక ఇంటికి వచ్చేది నా జాకెట్ల కుట్టు కూలే, దానికి ఏ హద్దూ అడ్డు రాదు.

నువ్వు సెలవు పెట్టి రావద్దు, అప్పు చేసి డబ్బు పంపవద్దు. శ్రీసిటీలో మీ జీతాలు చూసే ఆయన దగ్గరికి వెళ్ళి మా ఇద్దరి పేర్లు ఎక్కించు. కుటుంబం బెంగళూరులో ఉందని చెప్పి ఇక్కడి డిస్పెన్సరీ రాయించు. ఆధార్ నకళ్ళు, ఫొటోలు దీనితోనే పెడుతున్నాను. నాన్న ఇంటిపేరు ఆధార్‌లో ముందుంది, రేషన్ కార్డులో వెనక ఉంది. ఆధార్‌లో ఉన్నట్టే రాయించు, లేకపోతే మళ్ళీ నేనే తిరగాలి.

అమ్మ