ఉగాది సంచిక అచ్చయింది, ఈ నలుగురు బ్లాగర్లకూ నమస్కారం

బెంగళూరు తెలుగువాళ్లం కలిసి వేసుకున్న ఉగాది సంచిక ప్రెస్సు నుంచి వచ్చింది. 96 పేజీలు. బొమ్మలు వేసినవాళ్లకూ ప్రకటనలు ఇచ్చినవాళ్లకూ సంచికలోనే కృతజ్ఞతలు చెప్పుకున్నాం. ఇక్కడ చెప్పుకోవాల్సింది మరో నలుగురికి. పట్టుమని పాతికమంది చదువుతారో లేదో అన్న దిగులు లేకుండా ఏళ్ల తరబడి సొంత బ్లాగుల్లో రాసుకుంటూ పోతున్నవాళ్లు వీళ్లు. సందేహం అడిగితే విసుక్కోకుండా జవాబిచ్చారు. అసలు పేర్లు వెయ్యొద్దన్నారు గనక వాళ్లు రాసే సంగతులతోనే పిలుచుకుందాం. కలంపేర్లు సంచిక మూడో పేజీలో ఉన్నాయి.

నలుగురిలోనూ కనిపించే గుణం ఒకటే. ‘ఇలా చెయ్యండి’ అని చెప్పి వదిలెయ్యరు. ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో కూడా రాస్తారు. మాకు పనికొచ్చింది ఆ రెండో సగమే.

మొదటి నమస్కారం ఫాంట్ల గురించి రాసే ఆవిడకు. సంచికకు వచ్చిన రచనల్లో సగం పాత డీటీపీ (కంప్యూటరు మీద అచ్చుకు పేజీలు కూర్చే పని) ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో తెలుగు తెర మీద కనిపించే బొమ్మ మాత్రమే. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల అంకెలే, ఫాంటు తీసేస్తే పిచ్చిరాతలు మిగులుతాయి. ప్రతి గుర్తుకూ ఒక సంఖ్యను సంకేతంగా ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులోకి మార్చే పనిముట్లు చాలానే దొరుకుతాయి, మార్చాక ఎందుకు చెడుతుందో విడమరిచి చెప్పేవాళ్లే అరుదు. పాత ఫాంటు కంటికి కనపడే వరసలో ముక్కలు పేరుస్తుందని ఆవిడ రాశారు. ‘క్రి’ని ముందు గుడితో కూడిన ‘కి’గా, తర్వాత రావత్తుగా పెడుతుంది. యూనికోడ్ మాత్రం పలికే వరసలో దాస్తుంది: క, పొల్లు, ర, చివర గుడి. ‘స్త్రీ’ చూడ్డానికి ఒక్క అక్షరం, లోపల ఆరు సంకేతాలు. అందుకని ముక్కకు ముక్క మార్చేస్తే చాలదు, వరస కూడా తిప్పాలి. తిప్పని చోట తెర మీద చుక్కల సున్న ప్రత్యక్షమవుతుంది. అది కనపడిందంటే అక్కడి గుర్తుకు పట్టుకోవడానికి హల్లు దొరకలేదని అర్థం. ముందు వాటిని వెతికి దిద్దుకుంటే మిగతా పని సగం తగ్గుతుంది.

రెండో చిక్కు ఇంకా చిత్రమైంది. వ్యాసం మధ్యలో ఇంగ్లీషు మాటలూ బ్రాకెట్లూ ఉంటే, మార్పిడి పనిముట్టు వాటిని కూడా తెలుగు ముక్కలే అనుకుని తిరగేసి పారేస్తుంది. ఆవిడ చెప్పిన ఉపాయం: రచయితల దగ్గర అసలు ఫైలే అడగండి, వాట్సాప్‌లో అతికించిన పాఠం తీసుకోకండి. ఫైలులో ఏ మాట ఏ ఫాంటులో ఉందో నమోదై ఉంటుంది, పాత ఫాంటులో ఉన్న ముక్కల్నే ఏరి మార్చొచ్చు. అతికిస్తే ఫాంటు పేరు పోతుంది, ఇక తెలుగేదో ఇంగ్లీషేదో మనిషి కూర్చుని తేల్చాల్సిందే.

సున్న సంగతి మరీ ఘోరం. తెలుగులో చూడ్డానికి ఒకేలా ఉండే సున్నలు రెండున్నాయి. పూర్ణానుస్వారం సంకేతం 3074, తెలుగు అంకెల్లోని సున్న 3174. ‘మంచి’ని ఆ అంకెతో కొట్టినా కంటికి ‘మంచి’లాగే ఉంటుంది. వెతుకులాటకు చిక్కదు, అక్షరక్రమంలో పెడితే ఎక్కడో తేలుతుంది, కొన్ని ఫాంట్లలో సున్న కాస్త లావుగా పడుతుంది. మందు తేలికే. అటో ఇటో తెలుగు అక్షరం అంటుకుని ఉన్న ప్రతి అంకె-సున్ననూ అనుస్వారంగా మార్చెయ్యాలి. తెలుగు అంకెల్లో రాసిన సంవత్సరాల జోలికి మాత్రం పోకూడదు. విసర్గ బదులు కోలన్ కొట్టే అలవాటుకీ ఇదే వైద్యం, కాకపోతే అక్కడ ఒక్కొక్కటీ చూసుకుని మార్చాలి, ‘ఇలా:’ అన్నచోట అది నిజంగా కోలనే గనక.

‘ఐ’త్వానికీ రెండు రూపాలున్నాయి. ఒకే సంకేతంగా 3144, లేదా ఎత్వం 3142 పక్కన 3158. తెర మీద తేడా కనపడదు, కంప్యూటరుకి మాత్రం అవి వేరు మాటలు. పాఠమంతటినీ ఒకసారి ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపానికి మార్చుకుంటే ఆ తలనొప్పి పోతుంది. ఇది అయ్యాకే, స్వరచిహ్నం పక్కన మరో స్వరచిహ్నం ఉన్న చోట్లన్నీ వెతకమంటారావిడ. అప్పుడు దొరికేవన్నీ నిజమైన తప్పులే.

ఇక కనపడని అక్షరం. రాజ్‌కుమార్ అన్న మాటలో జ పొల్లుకీ క కీ మధ్య వెడల్పు లేని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది, సంకేతం 8204. అది పోతే రాజ్కుమార్ అయిపోతుంది. ‘అనవసరమైన గుర్తులు తుడిచెయ్యి’ అనే మీట నొక్కితే మొదట పోయేది ఇదే. మా ఫైళ్లలోనూ పోయింది. పరభాషా పదాల పట్టిక ఒకటి రాసుకుని, వాటిలో మాత్రమే గుర్తును తిరిగి పెట్టమని ఆవిడ చెప్పారు. ‘పొల్లు ఉన్నచోటల్లా పెట్టేస్తే పోలా’ అనుకునేవాళ్లకు ఒక్కమాట: ‘అమ్మ’ కూడా విడిపోతుంది.

పాత పత్రికల కాగితాల నుంచి ఎక్కించిన పాఠానిది మరో దారి. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తక్కువ కాకుండా స్కాన్ చెయ్యాలి. కాగితం పల్చనైతే వెనక ఒక నల్ల అట్ట పెట్టాలి. తెల్లకాగితం పెడితే వెనకవైపు అక్షరాలు నీడలా ముందుకొచ్చి, స్కాన్ బొమ్మను పాఠంగా మార్చే ఓసీఆర్‌కి లేని ఒత్తులు కనపడతాయి. వచ్చిన పాఠంలో మొదట వెతకాల్సినవి మ, వు. అచ్చులో ఈ రెంటికీ తేడా వెంట్రుకవాసి. ‘అమ్మ’ వెళ్లి ‘అవ్ము’ అయి కూర్చుంటుంది, ‘మనవడు’ వెళ్లి ‘వునవడు’ అవుతాడు. తర్వాత ద-ధ, ప-ష, బ-ఒ. వీటిని కంటితో చదివి పట్టుకోలేం, కన్ను తెలిసిన మాటను సరిగ్గానే చదివేసుకుంటుంది. ఒకరు పొల్లూ దీర్ఘం ఒత్తుతో సహా పైకి చదవాలి, రెండోవారు అసలు ప్రతి చూడాలి. దీనికి దగ్గరి దారి లేదు.

రెండో నమస్కారం కన్నడం, తెలుగు రెండూ రాసే అన్నగారికి. బెంగళూరులో డీటీపీ చేసేవాళ్లలో ఎక్కువమంది కన్నడం వాళ్లు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే గనక పేజీలు చకచకా పడతాయి, తప్పులూ అంతే చకచకా పడతాయి. ఆయన చెప్పింది చిన్న లెక్క. యూనికోడ్‌లో తెలుగు గడులు 3072 నుంచి 3199 దాకా, కన్నడ గడులు 3200 నుంచి 3327 దాకా. మన క 3093, వాళ్ల క 3221. అంటే తేడా సరిగ్గా 128. కన్నడ లిపిలో టైపు చేసిన తెలుగు పాట దొరికితే ప్రతి కన్నడ సంకేతంలోంచి 128 తీసేస్తే చాలు, తెలుగు లిపిలోకి వచ్చేస్తుంది. హళగన్నడ మాటల్లో ఒక్కచోట తప్పుతుంది. 3294లో ఉన్న పాత కన్నడ అక్షరానికి 128 తీస్తే వచ్చే 3166వ గడి తెలుగులో ఖాళీ. అక్కడ పెట్టె పడుతుంది, చేత్తో దిద్దుకోవాలి. కన్నడ శాసనాలు, తెలుగు శాసనాలు పక్కపక్కన పెట్టి ఆయన రాసే టపాలు వేరే ఉన్నాయి. తీరిగ్గా చదవండి, సంచికతో వాటికి సంబంధం లేదు.

మూడోవారు కాపీరైటు గురించి రాస్తారు. వకీలు భాష వాడరు, అదే పెద్ద ఉపకారం. పాత కథ ఒకటి వేద్దామనుకుంటే మొదట అడగాల్సిన ప్రశ్న ‘కథ ఎప్పుడు అచ్చయింది’ కాదట, ‘రచయిత ఎప్పుడు పోయారు’ అట. 1957 చట్టం కింద ఇప్పుడు రచయిత బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. 1964లో ఏ నెలలో కన్నుమూసినా 2025 జనవరి 1 దాకా ఆగాలి. చలం 1979లో పోయారు, కాబట్టి ఆయన రచనలపై హక్కు 2039 డిసెంబరు 31 దాకా ఉంటుంది. ‘పాతదే కదా, వేసేద్దాం’ అని చెయ్యి వెయ్యకూడదు. అనువాదమైతే అనువాదకుడిది వేరే లెక్క, మూల రచయిత వందేళ్ల కిందట పోయినా సరే.

పత్రిక మూతపడింది, ఎవర్ని అడగాలి? బయటి రచయిత పంపిన కథైతే, రాతపూర్వకంగా రాసిచ్చి ఉంటే తప్ప హక్కు ఆయనదే, తర్వాత వారసులదే. 1995 మే 10 తర్వాత రాసిచ్చిన కాగితమైతే, అందులో గడువు లేకపోతే అది ఐదేళ్ల వరకే పనిచేస్తుంది, ప్రాంతం చెప్పకపోతే మన దేశానికే వర్తిస్తుంది. అనుమతి ఉత్తరంలో రచన పేరు, ఎన్ని ప్రతులు, ఒక్కసారికేనా, పీడీఎఫ్‌గా కూడా పెట్టొచ్చా, పారితోషికం ఎంత (లేదా లేదు) అన్నవి తప్పక ఉండాలంటారు. పీడీఎఫ్ సంగతి అందరూ మరిచిపోతారు. మేం అడిగిన ఉత్తరాల్లో కూడా మొదటి విడతలో అది లేదు, ఆయన చెప్పాకే చేర్చాం.

నాలుగోవారు ప్రెస్సు పని మీద రాసే పెద్దాయన, చెన్నైలో ఉంటారు. ఆయన బ్లాగులో ఒక్క ఫొటో ఉండదు, అన్నీ కొలతలే. పేజీల లెక్క 16 గుణిజాల్లో ఉండాలి అన్నది అందరూ చెప్పేదే. 96 అంటే ఆరు ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే 16 పేజీలు ఒక ఫారం), ఇంకో నాలుగు పేజీలు పెంచితే ఆ నాలుగింటికీ విడిగా ప్లేట్లూ కూర్పూ. డెమీ 1/8 సైజు, అంటే కోసాక సుమారు 5.5 × 8.5 అంగుళాలు. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో కాగితం. ఇంతవరకు ఏ ప్రెస్సులో అడిగినా చెబుతారు. కాగితానికి పోగు, అంటే లోపలి నారలు సాగే దిక్కు, ఉంటుందనీ, అది పుస్తకం వీపుకు సమాంతరంగా పోవాలనీ ఎవరూ చెప్పరు. అడ్డంగా పోతే పుటలు అలలు తేలతాయి, తెరిచినప్పుడల్లా మూసుకోవాలని చూస్తాయి, జిగురు దగ్గర పగులు ఇస్తుంది. పరీక్ష సులువు: చిన్న ముక్క కోసి ఒకవైపు తడి చెయ్యండి, అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం ఏ దిక్కుగా ఉంటే పోగు ఆ దిక్కు. అవెన్యూ రోడ్డు, సుల్తాన్‌పేట కొట్లలో కాగితం కొనేటప్పుడు నమూనా ముక్క అడిగి అక్కడే తడిపి చూడొచ్చు. కొట్టతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

వీపు మందం కూడా ఊహించి వెయ్యకూడదన్నారు. 96 పేజీలు అంటే 48 ఆకులు. ఆకు 0.09 మిల్లీమీటరు అనుకుంటే వీపు 4.3 మిల్లీమీటర్లు. అదే కాగితం కట్టలోంచి 48 ఆకులు తీసి నొక్కిపట్టి కొలిస్తే ఇంకా నమ్మకం. అంత సన్నటి వీపు మీద పేరు వెయ్యొద్దు, కోతలో అర మిల్లీమీటరు జరిగినా అట్ట మీదికి పాకుతుంది. వీపువైపు మార్జిన్ 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, జిగురు బైండింగు పూర్తిగా తెరుచుకోదు గనక.

తెలుగుకు ప్రత్యేకంగా ఆయన రాసినవి రెండున్నాయి. ఒకటి వరసల ఎడం. 12 పాయింట్ల అక్షరానికి ఇంగ్లీషులో సరిపోయే 14 పాయింట్లు ఇక్కడ చాలవు. ‘రాష్ట్రం’లో కింద ఉన్న రెండు ఒత్తులూ కింది వరసలో గుడి నెత్తిన కూర్చుంటాయి. 18 పెట్టుకోవాలి. రెండోది సాఫ్ట్‌వేర్ అమరిక: పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడివిడిగా పడతాయి. లిబ్రేఆఫీస్‌లో అయితే తెలుగుకు ఫాంటూ సైజూ సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) అనే వేరే గడిలో ఉంటాయి. పైన ఇంగ్లీషు గడిలో ఎంత మార్చినా తెలుగు కదలదు, మనమేమో ఫాంటు పాడైందని దాన్ని తిడుతూ కూర్చుంటాం. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర వాడాం. రెండూ ఉచిత లైసెన్సువే, అచ్చుకు ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి ఉన్నాయో లేదో ఫైలు లక్షణాల్లో చూసుకున్నాకే పెన్‌డ్రైవ్ ఇవ్వమన్నారు. నల్లరంగు పాఠం ఒక్క నలుపు ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకంత జరిగినా అక్షరానికి రంగుల అంచు పడుతుంది, సన్నటి ఒత్తుల దగ్గర మరీను.

వీళ్లను చదవాలనుకునేవాళ్లకు ఒక మాట. నెలకొకటి, ఒక్కోసారి ఆర్నెల్లకొకటి రాస్తారు. రోజూ వెళ్లి చూస్తే విసుగొస్తుంది. బ్లాగుల కొత్త టపాల్ని ఒక్కచోటికి తెచ్చే ఫీడ్ రీడర్‌లో చేర్చుకుంటే కొత్తది వచ్చినప్పుడు అదే చెబుతుంది. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడ్డాక చాలామంది ఆ అలవాటే మానుకున్నారు, ఇలాంటివాళ్లకు చదువరులు తగ్గడానికి అదొక కారణం. నచ్చిన టపాను, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచండి, డొమైన్ రుసుము కట్టడం మరిచిన రోజున పోయేవి ఇవే. మెచ్చుకోలు రాసేటప్పుడు ‘బాగుంది’ అని ఊరుకోకుండా ఏ అడుగు మీ దగ్గర పనిచేసిందో, ఏది పనిచెయ్యలేదో రాయండి. వాళ్లకు కావాల్సింది అదే.

నలుగురికీ తలో రెండు ప్రతులు పక్కన పెట్టాం. చిరునామాలు పంపితే పోస్టులో వేస్తాం. ఫాంట్లావిడకు మాత్రం ముందే చెప్పుకోవాలి: ఇంత చేశాక కూడా 47వ పేజీ, కింది నుంచి మూడో వరసలో ఒక ‘అవ్ము’ మిగిలిపోయిందండీ.