డిక్కీలో పులస, వెనకాల ఆరిపోయిన లైటు

ఒరేయ్ బావా,

మొన్న నువ్వు ఫోన్లో "వెనకాల ఎడమ లైటు తేడాగా వెలుగుతోంది, షెడ్డులో ఇచ్చేయనా" అని అడిగినప్పుడు నేను రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్‌లో ఉన్నాను, అందుకే తర్వాత చెప్తానని పెట్టేశాను. ఇవ్వకు. ముందు ఇది చదువు.

పోయిన నెల నాకూ ఇదే గొడవ. రాజోలు నుంచి రాత్రిపూట కాలవ గట్టు మీద వస్తుంటే వెనక బండాయన ఒకటే హారన్. పక్కకి తీసి ఆపితే, "బ్రేకు తొక్కితే మీ ఎడమ లైటు ఆరిపోతోందండీ" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిణ్ణి బ్రేకు తొక్కమని నేను వెనకాల నుంచున్నా. పార్కింగ్ లైట్లు వేస్తే రెండూ వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కగానే కుడిది భగ్గుమంది, ఎడమదానికి ఉన్న వెలుగు కూడా పోయి పక్కన ఇండికేటర్ మిణుకుమిణుకుమంటోంది! మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే లైటు సెట్టు మొత్తం మార్చాలన్నాడు. నాకు మనసొప్పక తిరిగొచ్చేశా.

బల్బు తీసి చూశా. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, పార్కింగ్‌కి 5 వాట్లది, బ్రేకుకి 21 వాట్లది, రెండూ శుభ్రంగా ఉన్నాయి. (పెట్టేటప్పుడు చూసుకో, దాని రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి బలవంతంగా నొక్కితే పార్కింగ్ వేసినా బ్రేకు లైటులా వెలుగుతుంది.) ఫ్యూజు అనుకుందామంటే, మన కార్లలో కొన్నిటికి పార్కింగ్ లైట్ల ఫ్యూజు ఎడమకొకటి, కుడికొకటి ఉంటుంది, పోతే ముందువైపు ఎడమ చిన్న లైటు కూడా ఆరిపోవాలి కదా. అది వెలుగుతూనే ఉంది.

దొంగ ఎవరంటే, ఎర్తు, అంటే కరెంటు కారు బాడీలోకి తిరిగెళ్లే దారి. పార్కింగ్, బ్రేకు, ఇండికేటర్ మూడింటి కరెంటూ పని కానిచ్చి ఒకే నల్ల వైరు మీద బాడీకి వెళ్లాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, మన డెల్టాలో మురుగుకాలవ పూడితే నీళ్లు పక్కోడి చేలో పడ్డట్టు పక్క ఫిలమెంటులోంచి దూరి పోతుంది. పార్కింగ్ ఒక్కటే వేసినప్పుడు బ్రేకు ఫిలమెంటు మీదుగా దారి దొరికింది కాబట్టి వెలిగింది. బ్రేకు తొక్కితే అటూ ఇటూ 12 వోల్టులే, ఇక ఎటు పోతుంది? ఇండికేటర్‌లోకి దూరింది. అందుకే ఆ మిణుకు.

రూఢి చేసుకోడానికి ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస హోల్డర్‌లో నల్ల వైరు వచ్చే పిన్నుకి, రెండో కొస రంగు లేని బాడీ ఇనుముకి ఆనించా. ఎడమ లైటు ఠక్కున నిండుగా వెలిగింది. ఖర్చు సున్నా.

తర్వాత డిక్కీలో పక్క అట్ట ఊడదీసి ఆ నల్ల వైరు వెంట వెళ్లా. కింద మూల బోల్టు, దానికి వైరు చివర రింగు. రింగు కనబడట్లేదురా, అంతా పచ్చటి పొడి, చిలుముపట్టిన రాగి చెంబులా. వేలితో తోస్తే రాలిపోయింది, కింద ఇంకా తడి. అక్కడ తడేంటి అని ఆలోచిస్తే అప్పుడు వెలిగింది నాకు: ఆగస్టులో యానాం నుంచి నీకోసం ఐసులో పెట్టి తెచ్చిన పులస! డబ్బా కారి ఆ ఐసు నీళ్లన్నీ ఆ మూలకే చేరాయి. పుస్తెలమ్మి పులస తినాలంటారు, నేను లైటు ఆర్పుకుని నీకు తినిపించా.

బోల్టు విప్పి, రింగునీ కింద ఇనుమునీ తళతళలాడేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ పూశా. అరగంట పని.

నీ కారుకి కూడా ముందు బ్రేకు తొక్కించి చూడు. ఒక లైటు వేసినప్పుడు పక్కది మసకబారితే ఎర్తే. అలా కాకుండా డిక్కీ తలుపు మీదున్న లైటు తలుపు ఎత్తితే ఆరి, దించితే వెలుగుతుంటే మాత్రం కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు విరిగినట్టు, అది వేరే కథ. వోల్టులు చూసే మీటరు నా దగ్గరుంది, ఆదివారం తెస్తాలే. డిక్కీ ఖాళీ చేసి ఉంచు, చేపల డబ్బాలతో సహా.

నీ
బావ