చదరంగం శీర్షికలో బంట్లకూ చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రికలో వారం వారం వచ్చే చదరంగం శీర్షికను నేను తప్పక చదువుతాను. అయితే అందులో ఎప్పుడూ మూడెత్తుల్లో ఆటకట్టు సమస్యలే ఉంటున్నాయి తప్ప, ఆటను అంతదాకా తెచ్చిన బంట్ల అమరిక గురించి ఒక్క వాక్యమైనా కనిపించడం లేదు.

బంట్లే ఈ ఆటకు ప్రాణమని ఫ్రెంచ్ చదరంగ దిగ్గజం ఫిలిడోర్ 1749లోనే రాశాడు. తప్పు గడిలోకి వెళ్లిన గుర్రం మరో ఎత్తులో వెనక్కి రాగలదు గానీ, ముందుకు కదిలిన బంటు తిరిగి రాలేదు; కనుక తొలి పది పన్నెండు ఎత్తుల్లో బంట్లు కుదురుకున్న తీరే ఏ పావుకు ఏ గడి దక్కుతుందో చాలావరకు తేల్చేస్తుంది.

తెల్లవైపు డి4 గడిలో (తెల్లవారి ఎడమ నుంచి నాలుగో నిలువు వరుస, వారి వైపు నుంచి నాలుగో అడ్డు వరుస) ఒంటరి బంటు మిగిలిందనుకుందాం. పక్క నిలువు వరుసల్లో కాపు కాసే సొంత బంట్లు లేవు కాబట్టి అది బలహీనతే. కానీ దాని అండతోనే తెల్లగుర్రం ఇ5లో నిలిచి దాడికి దిగగలదు. నల్లవైపు ఆడేవారు డి5లో గుర్రాన్ని నిలిపి బంటును కదలనివ్వకుండా, పావుల మార్పిడి చేసుకుంటూ పోతే దాడి చల్లబడి, చివరి దశలో ఆ బంటే తెల్లవారికి భారమవుతుంది. దారిని దిగ్బంధించే ఈ సూత్రాన్ని చదరంగ ఆటగాడు నిమ్జోవిచ్ 1920లలో వచ్చిన తన 'మై సిస్టమ్' పుస్తకంలో ఎంత సరదాగా, ఎంత మొండిగా వాదించాడో చదివితే గానీ తెలియదు. హాన్స్ క్మోచ్ రాసిన 'పాన్ పవర్ ఇన్ చెస్' అనే పుస్తకం కేవలం బంట్ల గురించే. అందులో ఆయన కల్పించిన వింత పేర్లు నాకు ఇప్పటికీ నోరు తిరగవు గానీ, విషయం మాత్రం మనసులో నాటుకుంది.

మంత్రివైపు, అంటే బల్లపై మంత్రి నిలిచే సగంలో, రెండే బంట్లున్నవారు అక్కడే మూడు బంట్లున్న ప్రత్యర్థిపైకి 'బి' నిలువు వరుసలోని బంటును నెట్టడం చూసి కొత్తవారు విస్తుపోతారు. మార్పిడి తర్వాత ప్రత్యర్థికి సి6లో తోటి బంటు కాపు లేని దిక్కులేని బంటు మిగలడమే దాని ఉద్దేశమని తెలిస్తే, ఓపెనింగ్ (ఆట ఆరంభ) ఎత్తులను బట్టీ పట్టే శ్రమ సగం తగ్గుతుంది.

కనుక నెలకొక్కసారైనా ఆటకట్టు లేని స్థితిని ప్రచురించి, ఒకే బంట్ల అమరికతో సాగిన రెండు ఆటలను పక్కపక్కన వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు